ఆటలో మీ పాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. ఏ కంపెనీ అండా లేని రాక్ బ్యాండ్లు వీడియో గేములు ఆడేవాళ్ల దగ్గరకు తమ పాటను చేర్చడం ఎలా? వాటిలో అందరికీ పనికొచ్చేవి ఎంచి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది నలుగురి బ్యాండ్. ఏడు పాటలు విడుదల చేశాం. విన్నవాళ్లు బాగున్నాయంటున్నారు, కానీ వినేవాళ్లే దొరకడం లేదు. గేమర్ల దగ్గరకు వెళ్లమని అందరూ చెబుతున్నారు. అక్కడ నిజంగా రాక్ వినేవాళ్లున్నారా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక గాయని)

జవాబు: ఉన్నారు, ఎప్పటినుంచో ఉన్నారు. పాటకు తగ్గట్టు మీటలు నొక్కే గేములు, 2005లో గిటార్ హీరో, 2007లో రాక్ బ్యాండ్ వచ్చాక ఎంతోమంది పిల్లలకు రాక్ చెవికన్నా ముందు వేళ్లకు అలవాటైంది. డ్రాగన్‌ఫోర్స్ అనే మెటల్ బ్యాండ్ పేరు ఆ సంగీతం వినని ఇళ్లలోకీ చేరిందంటే, 2007లో గిటార్ హీరో మూడో భాగంలో వాళ్ల పాట అన్నిటికన్నా కష్టమైనదిగా పేరుపడటమే కారణం. లో రోర్ మెత్తటి పాటలు చేసిన చిన్న బ్యాండ్. 2019లో వచ్చిన డెత్ స్ట్రాండింగ్‌లో, ఆటగాడు ఒంటరిగా కొండలూ లోయలూ దాటుతుంటే వాళ్ల పాటలు మొదలవుతాయి. ఆ నడకలోనే ఆ బ్యాండ్ పేరు మొదటిసారి విన్నవాళ్లు లెక్కలేనంతమంది. నాయిస్ రాక్ బ్యాండ్ హెల్త్ 2012లో మ్యాక్స్ పేన్ 3కి సంగీతం చేసింది. వాళ్ల అభిమానుల్లో గేమర్లు ఇప్పటికీ గట్టిగా కనిపిస్తారు.

ఈ మూడింటిలోనూ ఆటగాడు ఏదో ఒక పని చేస్తూ ఉండగా పాట అతనికి తగిలింది. మొదట పట్టుకోవాల్సింది ఇదే. ‘మా పాట వినండి’ అని గేమర్ల మధ్య లింకు పడేస్తే ఎవరూ నొక్కరు, పైగా చిరాకు పడతారు. ఆ పాటతో వాళ్లు చేసుకోగల పని ఒకటి ఇవ్వాలి. మీటలు నొక్కుతూ ఆడుకునేలా పాటకు నోట్లు పేర్చిన చార్ట్ కావచ్చు, గేమ్ ఆడుతూ ప్రత్యక్షంగా చూపించే స్ట్రీమ్‌లో వెనక భయం లేకుండా మోగించుకునే అనుమతి కావచ్చు, సొంతంగా గేమ్ చేసుకుంటున్న కుర్రాడికి చేతికందే ఫైళ్లు కావచ్చు.

వరస కూడా ముఖ్యమే. ముందు హక్కులు తేల్చుకోండి. తర్వాత ప్రతి పాటకీ గాత్రం లేని వెర్షన్, విడివిడి స్టెమ్స్ (ఒక్కో వాయిద్యానికి ఒక్కో ఫైలు) తీసి పెట్టుకోండి. ఆ పైన ఒకటి రెండు పాటలకు చార్ట్, ఆ తర్వాత చిన్న స్ట్రీమర్లు, చివరికి గేమ్ డెవలపర్లు. చాలా బ్యాండ్లు దీన్ని తలకిందులు చేసి, మొదటి రోజే పెద్ద స్టూడియోలకు ఈమెయిళ్లు పెడతాయి. వాటిలో ఒక్కదానికి జవాబు వచ్చినా, ఫైళ్లు అడిగేసరికి ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు.

ప్రశ్న: ఒక స్ట్రీమర్ ఇష్టపడి మా పాట తన వీడియోలో వేసుకున్నాడు. మర్నాడే అతనికి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అది మా పేరు మీదే ఉంది! మేం ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఇదెలా జరిగింది? (డ్రమ్స్ వాయించే పాఠకుడు)

జవాబు: మీ డిస్ట్రిబ్యూటర్ చేసి ఉంటాడు. పాటను స్ట్రీమింగ్ వేదికలకు పంపేటప్పుడు యూట్యూబ్ కంటెంట్ ఐడీ అనే గడి ఒకటి ఉంటుంది. టిక్ పెడితే మీ పాట గుర్తులు యూట్యూబ్ దగ్గర చేరతాయి. ఎవరి వీడియోలో ఆ పాట వినిపించినా యంత్రమే క్లెయిమ్ వేస్తుంది, ప్రకటనల డబ్బు మీ వైపు మళ్లుతుంది. ఇది స్ట్రైక్ అనే హెచ్చరిక కాదు, అతని చానెల్‌కు దీనివల్ల ముప్పేమీ లేదు. అయినా రోజంతా కష్టపడి చేసిన వీడియో సంపాదన పోయిందంటే అతను మీ పాట మళ్లీ ముట్టుకోడు. తోటివాళ్లకూ చెబుతాడు.

ముందు డిస్ట్రిబ్యూటర్ ఖాతాలో ఆ గడి ఏ పాటలకు టిక్ అయిందో చూడండి. ఇప్పుడు రెండు దారులున్నాయి. కంటెంట్ ఐడీని ఉంచి, స్నేహపూర్వక చానెళ్లను మినహాయింపు జాబితాలో చేర్చమని అడగడం ఒకటి. దానికి చానెల్ పేరు చాలదు. యూసీతో మొదలయ్యే 24 అక్షరాల చానెల్ ఐడీ కావాలి. స్ట్రీమర్‌ను అడిగితే తన సెట్టింగ్స్‌లోంచి తీసి ఇస్తాడు. రెండో దారి కంటెంట్ ఐడీని పూర్తిగా తీసేయడం. ఇంకా పేరు రాని బ్యాండ్‌కు మేం రెండోదే చెబుతాం. క్లెయిముల మీద వచ్చే చిల్లరకన్నా భయం లేకుండా పాట వేసుకునే యాభైమంది స్ట్రీమర్లు మీకు ఎక్కువ విలువ. తీసేశాక పాత క్లెయిములు వాటంతట అవే పోతాయని అనుకోవద్దు. వీడియో లింకులు ఇచ్చి, ఒక్కొక్కటీ విడుదల చేయమని డిస్ట్రిబ్యూటర్‌కు రాయాలి.

ఇంకో చిక్కుంది. పాటలో రెడీమేడ్ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే సంగీత ముక్క) లేదా శాంపిల్ వాడి ఉంటే దాన్ని కంటెంట్ ఐడీకి ఇవ్వనే కూడదు. అదే లూప్ కొన్న మరో వందమంది పాటల మీద మీ పేరుతో తప్పుడు క్లెయిములు పడతాయి. డ్రమ్ లూప్ ఒక్కటే కదా అని వదిలేసినవాళ్లే ఎక్కువగా ఇందులో ఇరుక్కుంటారు.

గేమ్ స్ట్రీములు నడిచే ట్విచ్ వేదిక పద్ధతి వేరు. అక్కడ రికార్డయిన వీడియోలో గుర్తుపట్టిన పాట భాగాన్ని మ్యూట్ చేస్తారు. హక్కుదారు నోటీసు పంపితే అది స్ట్రైకుగా లెక్కకొస్తుంది, పదేపదే వస్తే ఖాతా పోతుంది. 2020లో ఇలాంటి నోటీసులు గుంపుగా వచ్చి, ఏళ్ల నాటి క్లిప్పులను స్ట్రీమర్లు తమ చేతులతోనే తుడిచేసుకోవాల్సి వచ్చింది. అందుకే పాట బాగుందా లేదా అనేదానికన్నా ముందు ‘ఇది వేసుకోవచ్చా?’ అని అడుగుతారు.

ఆ ప్రశ్నకు జవాబుగా మీ బ్యాండ్ పేజీలో ఒక అనుమతి పేరా పెట్టండి. ఏ పాటలకు వర్తిస్తుందో పేర్లతో సహా రాయాలి. ప్రత్యక్ష ప్రసారం, రికార్డు వీడియో, చిన్న క్లిప్పు మూడింటికీ చెల్లుతుందని చెప్పాలి. ప్రకటనలతో డబ్బు సంపాదించుకోవచ్చనీ, పాటను పాటగా మళ్లీ అమ్మకూడదనీ, బ్యాండ్ పేరు ఎక్కడ ఎలా వేయాలో కూడా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ఈ వాక్యం: ‘ఈ అనుమతిని మేం వెనక్కి తీసుకున్నా, అప్పటికే చేసిన వీడియోలకు అది చెల్లుతూనే ఉంటుంది.’ ఇది లేని అనుమతిని అనుభవమున్న స్ట్రీమర్ నమ్మడు. ఇదంతా రాసే ముందు పాట రాసినవాళ్లు, వాయించినవాళ్లు, రికార్డు చేసినవాళ్లు, బ్యాండ్ వదిలి వెళ్లిపోయినవాళ్లతో సహా అందరి సంతకాలూ ఒక కాగితం మీద తీసుకోండి. సభ్యుల్లో ఎవరైనా ప్రదర్శన హక్కుల సంఘంలో చేరి ఉంటే, అలాంటి అనుమతి సొంతంగా ఇచ్చే హక్కు మిగిలిందో లేదో ఆ ఒప్పందం చూసి తేల్చుకోవాలి.

ప్రశ్న: గిటార్ హీరో లాంటి క్లోన్ హీరో గేమ్‌లో మా పాట రావాలంటే ఏం చేయాలి? మాకెవరికీ చార్ట్ చేయడం రాదు. దయచేసి మొదటినుంచి చెప్పండి. (గిటారిస్టు)

జవాబు: ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం. రాక్ బ్యాండ్ చేయగల పనుల్లో దీనికి దక్కినంత ఫలితం మరో దానికి దక్కదని మా నమ్మకం. ఒక శ్రోత పాటను ఒకసారి వింటాడు. చార్ట్ పూర్తిచేయాలని పంతం పట్టిన ఆటగాడు అదే పాటను ముప్పైసార్లు వింటాడు, రెండో రిఫ్‌లో (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలో) మీ వేలు ఎక్కడ జారిందో కూడా అతనికి తెలుస్తుంది.

2010లో రాక్ బ్యాండ్ నెట్‌వర్క్ పేరుతో రాక్ బ్యాండ్ గేమ్ చేసిన హార్మోనిక్స్ సంస్థ చిన్న బ్యాండ్లకు తలుపు తెరిచింది, కానీ అది ఇప్పుడు లేదు. ఆ సంస్థను 2021లో ఎపిక్ గేమ్స్ కొనుక్కుంది. ఇప్పుడు అభిమానులు చేసి ఉచితంగా పంచుతున్న క్లోన్ హీరోలో ఎవరి పాటైనా చేర్చుకోవచ్చు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, పాట మీదైతే చాలు.

మొదట స్టెమ్స్. గిటార్, బేస్, డ్రమ్స్, వోకల్స్, మిగతావన్నీ కలిపి సాంగ్, ఇలా ఐదు ఫైళ్లు తీయండి. అన్నీ పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, అన్నీ ఒకే నిడివి ఉండాలి. సోలో రెండో నిమిషంలో వచ్చినా గిటార్ ఫైలు మొదటి నుంచీ నిశ్శబ్దంతో సాగాల్సిందే. ఫైళ్లకు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆ పేర్లే పెట్టి, ఓజీజీ రూపంలో దాచండి. విడిగా ఎందుకంటే, ఆటగాడు నోటు తప్పినప్పుడు గిటార్ స్టెమ్ ఒక్కటే మూగబోతుంది. వాయిస్తున్నది తానేనన్న భ్రమ అక్కడే పుడుతుంది. ఒకే మిక్స్ ఫైలు ఇస్తే ఆ మజా ఉండదు.

ఇక్కడ దాదాపు అందరూ పడే గోతి మాస్టర్ లిమిటర్, అంటే మొత్తం మిక్స్ శబ్దం హద్దు దాటకుండా అదిమిపెట్టేది. ట్రాకులన్నీ కలిసే మాస్టర్ బస్ మీద లిమిటర్ పెట్టుకుని ఒక్కో స్టెమ్‌ను సోలో చేసి (అదొక్కటే మోగించి) ఫైలుగా రెండర్ చేస్తే, ప్రతిదానికీ లిమిటర్ వేరే రకంగా స్పందిస్తుంది. వాటిని మళ్లీ కలిపితే మీ పాటలా ఉండదు, పైగా కలిపిన సిగ్నల్ పగులుతుంది. లిమిటర్ తీసేసి, స్టెమ్స్ అన్నీ కలిపినా గరిష్ఠ స్థాయి సున్నాకు 3 డెసిబెల్స్ కిందే ఉండేలా చూసి రెండర్ చేయండి. తర్వాత ఐదింటినీ ఒక ఖాళీ ప్రాజెక్టులో వేసి వినండి. అసలు మిక్స్‌తో పోల్చి వినకుండా ముందుకు వెళ్లొద్దు.

రెండోది టెంపో. చార్ట్ చేయడానికి మూన్‌స్క్రేపర్ అనే ఉచిత ఎడిటర్ వాడండి. అందులో ఒక బీట్‌కు 192 గడులు ఉంటాయి, నోట్లు ఆ గడుల్లో కూర్చుంటాయి. పాటను క్లిక్ ట్రాక్ (వేగం తప్పకుండా మోగే టిక్ టిక్ శబ్దం) మీద రికార్డు చేసి ఉంటే బీపీఎం (నిమిషానికి బీట్లు) ఒక్కసారి పెడితే సరిపోతుంది. కానీ ఆ సంఖ్య దశాంశంతో సహా కచ్చితంగా ఉండాలి. పాట 143.2 బీపీఎం అయి, మీరు 143 అని పెట్టారనుకోండి. నాలుగు నిమిషాల పాట చివరికొచ్చేసరికి నోట్లు సెకనులో మూడో వంతు పక్కకు జరుగుతాయి. మొదటి చరణంలో అంతా బాగుంటుంది, చివరి పల్లవిలో ఏదీ తగలదు. ఆటగాడు తన తప్పే అనుకుని రెండుసార్లు ప్రయత్నించి, పాటనే తీసేస్తాడు.

క్లిక్ లేకుండా వాయించి ఉంటే ఓపిక కావాలి. ప్రతి బార్ (తాళం ఒక ఆవృత్తం) మొదటి బీట్ దగ్గర, కిక్ డ్రమ్ తరంగం లేచే చోట, ఒక టెంపో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. డ్రమ్మర్ ఫిల్ వాయించి పల్లవిలోకి దూకే చోట వేగం తరచూ పెరుగుతుంది. అక్కడ బార్‌కు ఒకటి కాక రెండు బీట్లకో గుర్తు వేయండి. ఆడియోను సాగదీసి గ్రిడ్‌కు అతికించే పని మాత్రం చేయొద్దు. సింబల్స్ శబ్దం చెడిపోతుంది, బ్యాండ్ ఊపు చచ్చిపోతుంది.

మొదటి నోటుకు ముందు 3 సెకన్ల నిశ్శబ్దం ఆడియో ఫైళ్లలోనే చేర్చండి. పాట మొదలవగానే నోటు మీద పడితే చేయి పెట్టే వ్యవధి ఉండదు. సెట్టింగ్స్‌లో డిలే విలువ మార్చి సరిపెట్టడం కన్నా ఫైలులోనే నిశ్శబ్దం ఉండటం నికరం.

ఇక నోట్లు. ఎడమ నుంచి ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ, మొత్తం ఐదు మీటలు. స్వరం పైకి వెళ్తే మీటలు కుడికి, దిగితే ఎడమకు నడవాలి. రెండు స్వరాలు కలిసి మోగే పవర్ కార్డ్‌కు రెండు మీటలు, ఒంటి స్వరానికి ఒకటి. ఒక రిఫ్‌కు ఒక నమూనా పెట్టారంటే, అదే రిఫ్ తిరిగి వచ్చినప్పుడు అదే నమూనా ఉండాలి. నోటును సాగదీసినప్పుడు తర్వాతి నోటుకు కాస్త ముందే, కొద్దిపాటి ఖాళీ వదిలి ముగించండి. లేకపోతే తెర మీద రెండూ అతుక్కుని కనబడతాయి. గిటార్ వాయించనిచోట నోట్లు కల్పించడం మొదటిసారి చేసేవాళ్లు చేసే పెద్ద పొరపాటు. చార్ట్ కష్టంగా కనబడాలని అలా చేస్తారు. చేతికి తగిలేది చెవికి వినబడకపోతే ఆటగాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఎక్స్‌పర్ట్ స్థాయి ముందు పూర్తిచేసి, దాన్ని పలచబరుస్తూ హార్డ్, మీడియం, ఈజీ చేయండి. మీడియంలో నారింజ వదిలేసి నాలుగు మీటలు, ఈజీలో మొదటి మూడు వాడటం వాడుక. కొత్తవాళ్లు మీడియంతో మొదలుపెడతారు, కాబట్టి కింది స్థాయిలు తర్వాత చూద్దామని వదిలేస్తే వాళ్లందరినీ వదులుకున్నట్టే. పాట భాగాలకు పేర్లు పెట్టడం మరిచిపోవద్దు. సాధన చేసేవాళ్లు సోలో దగ్గరకు నేరుగా వెళ్లేది ఆ పేర్లు పట్టుకునే.

చివరగా సాంగ్ డాట్ ఐఎన్ఐ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. పాట పేరు, బ్యాండ్, ఏడాది, చార్ట్ చేసినవాళ్ల పేరు, కష్టం స్థాయి, ముందుగా వినిపించే భాగం ఎక్కడ మొదలవ్వాలో అందులో రాస్తారు. ఆ సమయం మిల్లీసెకన్లలో ఉండాలి. 45 సెకన్ల దగ్గర పల్లవి ఉంటే 45000 అని రాయాలి, 45 అని రాస్తే ప్రివ్యూలో మీ నిశ్శబ్దమే వినిపిస్తుంది. 512 పిక్సెళ్ల చతురస్రపు కవర్ బొమ్మ పక్కన పెట్టి, ఫోల్డర్‌ను జిప్ చేయండి.

బయటపెట్టే ముందు, ఈ పాట ఎప్పుడూ వినని ఒకరిచేత ఆడించి పక్కన కూర్చుని చూడండి. ఏ చోట వాళ్లు ప్రతిసారీ ఒకే విధంగా తప్పుతున్నారో అక్కడ తప్పు చార్ట్‌ది. ఇంత పని మీవల్ల కాదనుకుంటే చార్ట్ చేసేవాళ్లకు డబ్బిచ్చి చేయించుకోండి, వాళ్ల పేరు తప్పక వేయండి. స్టెమ్స్, టెంపో లెక్క మీరే సిద్ధం చేసి ఇస్తే వాళ్ల పని సగమవుతుంది.

ప్రశ్న: పాత గేముల సంగీతాన్ని రాక్‌లో కవర్ చేస్తే జనం వస్తారని అంటున్నారు. చేయొచ్చా? (కీబోర్డ్ వాయించే పాఠకురాలు)

జవాబు: వస్తారు. ఒకరు వేదిక మీద గేమ్ ఆడుతుంటే ఆ సంగీతాన్ని పక్కనే ప్రత్యక్షంగా వాయించే బిట్ బ్రిగేడ్ లాంటి బ్యాండ్లున్నాయి. 2002 నుంచి జరుగుతున్న మ్యాగ్‌ఫెస్ట్ లాంటి సంబరాలూ ఉన్నాయి. అయితే కవర్‌ను ఆడియోగా విడుదల చేయడానికి తీసుకునే మెకానికల్ లైసెన్సు వీడియోకు చెల్లదు. బొమ్మతో కలిపితే స్వరకర్త హక్కులున్న ప్రచురణకర్త అనుమతి విడిగా కావాలి. పై పేరాల్లో చెప్పిన ‘ఎవరైనా వేసుకోవచ్చు’ అనుమతి కూడా కవర్లకు మీరు ఇవ్వలేరు. మా అభిప్రాయం అడిగితే, ఒక కవర్ చాలు. దాని వెంటనే అదే వేగం, అదే రకం గిటార్ శబ్దం ఉన్న మీ సొంత పాట వచ్చేలా చూడండి. కవర్ల మీదే నిలబడితే వచ్చినవాళ్లు ఆ గేమ్ అభిమానులుగానే మిగిలిపోతారు.

ప్రశ్న: ఇద్దరే కలిసి గేమ్ చేస్తున్న ఒక చిన్న జట్టు మా పాట అడిగింది. డబ్బు ఎక్కువ ఇవ్వలేమన్నారు. ఏమేం ఇవ్వాలి, ఏం రాయించుకోవాలి? (బేస్ వాయించే పాఠకుడు)

జవాబు: రెండు హక్కులు వేరువేరుగా ఉంటాయి. పాట రచనది ఒకటి, ఈ రికార్డింగ్‌ది మరొకటి. రెండూ మీవే అయితే ఒకే కాగితంలో ఇచ్చేయొచ్చు. డబ్బు తక్కువైనప్పుడు ప్రత్యేక హక్కు మాత్రం ఇవ్వకండి, అదే పాటను ఇంకెవరికైనా ఇచ్చుకునే వీలు మీకుండాలి. ఏ గేమ్, ఏ వేదికలు, ట్రైలర్‌లో వాడొచ్చా, ఆడేవాళ్లు స్ట్రీమ్ చేసినా క్లెయిమ్ రాదా, ఇవన్నీ కాగితంలో ఉండాలి. మెనూలోని పేర్ల జాబితాలో బ్యాండ్ పేరు, పాట పేరు ఎలా వేయాలో కూడా రాయించండి. గేమ్ అమ్మకాలు ఇంత దాటితే ఇంకొంత ఇవ్వాలనే వాక్యం చిన్న జట్లు సాధారణంగా ఒప్పుకుంటాయి, అడిగి చూడండి.

ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌లో ఇవ్వండి. పూర్తి పాట, గాత్రం లేనిది, స్టెమ్స్, వీటితోపాటు ఒక లూప్. లూప్ దగ్గరే పని చెడుతుంది. 120 బీపీఎంలో నాలుగు బీట్ల బార్లు 16 తీసుకుంటే సరిగ్గా 32 సెకన్లు, అంటే 15,36,000 శాంపిళ్లు (సెకనుకు 48,000 ధ్వని కొలతల చొప్పున). అక్కడ కచ్చితంగా కోస్తే చివరి స్వరం రివర్బ్ తోక (మెల్లగా ఆరిపోయే ప్రతిధ్వని) తెగిపోయి, మొదటికి వచ్చినప్పుడల్లా చిన్న గుంటలా వినిపిస్తుంది. దీనికి మందు తేలిక. అదే 16 బార్లను వరసగా రెండుసార్లు పెట్టి రెండర్ చేసి, రెండో సారిని మాత్రం కోసుకోండి. మొదటి సారి తోక రెండో సారి ఆరంభం మీద ఎలాగూ పడి ఉంటుంది కాబట్టి అతుకు తెలియదు.

లూప్‌ను ఎంపీ3లో మాత్రం ఇవ్వకండి. ఎన్‌కోడర్ ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది, తిరిగిన ప్రతిసారీ తట్టు వినబడుతుంది. వేవ్ ఇస్తే డెవలపర్ తన అవసరానికి ఓజీజీ చేసుకుంటాడు. శత్రువులు రాగానే డ్రమ్స్, ప్రమాదం పెరిగితే గిటార్ చేరేలా పొరలు కావాలంటే ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి పరికరాలు ఆ పని చేస్తాయి. పొరలన్నీ శాంపిల్ లెక్కన ఒకే నిడివి ఉండటం ఒక్కటే మీ బాధ్యత. ఒకటి కాస్త పొట్టిదైనా పది నిమిషాల ఆటలో డ్రమ్స్, గిటార్ విడిపోతాయి.

ప్రశ్న: గేమర్లు మాట్లాడుకునే డిస్కార్డ్‌లో కొత్త పాట వినిపించే కార్యక్రమం పెట్టాం. నీళ్లలో మునిగినట్టు వినిపించిందని అందరూ అన్నారు. (ఒక బ్యాండ్ మేనేజర్)

జవాబు: డిస్కార్డ్ మీ గిటార్‌ను ఫ్యాన్ శబ్దం అనుకుని తీసేస్తోంది. వాయిస్ సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్, ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ మూడూ ఆపండి. ఇన్‌పుట్ సెన్సిటివిటీని దానికదే నిర్ణయించుకోనివ్వక, మీరే అట్టడుగుకు దించండి, లేకపోతే నెమ్మదిగా సాగే భాగాలు తెగుతాయి. చానెల్ బిట్‌రేట్ మొదట 64 కేబీపీఎస్ ఉంటుంది, దాన్ని 96కు పెంచండి. సర్వర్‌కు సభ్యులు డబ్బు కట్టి ఇచ్చే బూస్టులుంటే 128, 256, 384 దాకా వెళ్లొచ్చు. అసలు మైకు వదిలేసి, పాట మోగే యాప్‌ను శబ్దంతో సహా స్క్రీన్ షేర్ చేస్తే ఈ గొడవలో చాలా భాగం ఉండదు.

ప్రశ్న: మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో కచేరీ పెట్టాలని మా కోరిక. ఒకే రోజు అందరూ అక్కడ కలుసుకుంటే బాగుంటుందనిపిస్తోంది. సాధ్యమేనా? (రిథమ్ గిటారిస్టు)

జవాబు: సాధ్యమే. దారి చూపిన బ్యాండ్లు కూడా మీలాంటివే. 2020 ఏప్రిల్‌లో ఓపెన్ పిట్ అనే బృందం నిర్వహించిన నెదర్ మెంట్ అనే మైన్‌క్రాఫ్ట్ సంబరంలో అమెరికన్ ఫుట్‌బాల్ అనే బ్యాండ్ ప్రధాన ఆకర్షణ. అదే నెలలో ఫిలడెల్ఫియాకు చెందిన కొరియర్ క్లబ్ అనే ఇండీ బ్యాండ్ బ్లాక్ బై బ్లాక్‌వెస్ట్ పేరుతో సంబరం పెట్టింది. ఏప్రిల్ 25న జనం ఒక్కసారిగా పోటెత్తడంతో సర్వర్ కూలిపోయి, దాన్ని మే 16కు వాయిదా వేయాల్సి వచ్చింది.

మీ ఏర్పాట్లు ఆ కూలిపోవడం నుంచే మొదలవ్వాలి. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 టిక్కులు కొడుతుంది, ఒక్కో టిక్కులో పనంతా 50 మిల్లీసెకన్లలో ముగియాలి. ఆ పనిలో ఎక్కువ భాగం ఒకే ప్రాసెసర్ కోర్ మీద నడుస్తుంది కాబట్టి ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా వెయ్యిమంది ఒకే చోట నిలబడలేరు. ఒక్కో ప్రతికి నూరుమందికి మించకుండా అదే వేదికను నాలుగైదు ప్రతులు చేసి, ముందు వెలాసిటీ లాంటి ప్రాక్సీ పెట్టి జనాన్ని పంచండి. చూపు దూరాన్ని 6 చంక్‌లకు (ఆట ప్రపంచపు చదరపు ముక్కలకు) తగ్గించండి, జంతువులు, రాక్షసులు పుట్టకుండా ఆపండి, ప్రపంచాన్ని ముందే జనరేట్ చేసి ఉంచండి. వచ్చినవాళ్లను అడ్వెంచర్ మోడ్‌లో పెట్టకపోతే అరగంటలో వేదికను తవ్వేస్తారు.

శబ్దం ఆటలోంచి రాదు. బయట ఒక ఆడియో ప్రసారం నడిపి, దాన్ని పక్క ట్యాబ్‌లో తెరవమని చెప్పాలి. ఆ ప్రసారం ఆటకన్నా కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. పల్లవిలో పేలాల్సిన బాణసంచా ముందే పేలిపోకుండా, ప్రసారంలో ఒక చప్పట్ల శబ్దం పంపి ఎంత ఆలస్యంగా వినబడిందో కొలవండి. వేదిక మీది మెరుపులన్నిటినీ అంతే వెనక్కి జరపండి.

వేర్వేరు ఊళ్ల నుంచి ప్రత్యక్షంగా కలిసి వాయిద్దామనుకోవద్దు. గాలిలో శబ్దం 10 మీటర్లు వెళ్లడానికి సుమారు 30 మిల్లీసెకన్లు పడుతుంది. నెట్‌లో ఆలస్యం అంతకు మించితే ఒకరికొకరు ఆగుతూ వేగం జారిపోతుంది. వాయించింది ముందే రికార్డు చేసి మిక్స్ చేయండి. కచేరీ రోజు బొమ్మలను వేదిక మీద ఆడిస్తూ, చాట్‌లో మీరంతా స్వయంగా మాట్లాడండి. వచ్చేవాళ్లు ప్రధానంగా వచ్చేది ఆ మాటల కోసమే. ఉచితంగా పెడుతున్నా సరే, మైన్‌క్రాఫ్ట్ వాడుక నియమాలు చదివాకే ప్రకటించండి.

ప్రశ్న: స్ట్రీమర్లకు రాస్తే జవాబు రావడం లేదు. ఏం రాయాలి? పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? (ఒక గాయని)

జవాబు: పెద్దవాళ్లకు రాయకండి. ఇరవై, ముప్పైమంది మాత్రమే ప్రత్యక్షంగా చూసే స్ట్రీమర్లను ఎంచుకోండి. వాళ్ల చాట్‌లో పాట పేరు అడిగితే స్ట్రీమర్ చదివి జవాబిస్తాడు. ఎవరికి రాయబోతున్నారో వాళ్ల స్ట్రీమ్ కనీసం రెండుసార్లు చూడండి. గుర్రపు స్వారీలాంటి ప్రశాంతమైన ఆట ఆడేవాళ్లకు మీ వేగమైన పాట పంపి లాభం లేదు.

ఉత్తరం ఐదారు వాక్యాలు దాటొద్దు. ఏ ఆట ఆడుతుండగా చూశారో ఒక మాట, ఏ పాట ఎందుకు సరిపోతుందో ఒక మాట, అనుమతి పేజీ లింకు, ఫైళ్లున్న ఫోల్డర్ లింకు. ఖాతా తెరవమనే లింకులు పంపకండి. ఫోల్డర్‌లో గాత్రం లేని వెర్షన్ మొదట ఉండాలి, ఎందుకంటే స్ట్రీమర్ మాట్లాడుతుంటే మీ గాయని మాటలు అడ్డం వస్తాయి. పాటలన్నీ ఒకే శబ్ద స్థాయిలో, సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలమానం) దగ్గర ఉంచండి. ఒక పాట మెత్తగా, తర్వాతది దద్దరిల్లేలా ఉంటే స్ట్రీమర్ మధ్యలో వాల్యూమ్ వెతుక్కోవాలి, అలాంటి ఫోల్డర్ రెండోసారి తెరవడు. ఇంకా భయపడేవాళ్లకు ఒక ఉపాయం చెప్పండి. స్ట్రీమింగ్‌కు వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ట్విచ్ వీఓడీ ట్రాక్ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని రెండో ట్రాక్‌కు పెట్టి, పాటల సోర్సుకు ఆ ట్రాక్ టిక్ తీసేస్తే ప్రత్యక్షంలో పాట వినిపిస్తుంది, రికార్డు వీడియోలో ఉండదు.

ఫలితం తెలియాలంటే ఒక్కొక్కరికీ వేరే లింకు ఇవ్వండి. ఎన్నిసార్లు విన్నారన్న సంఖ్య కన్నా చూడాల్సినవి రెండు: పాట వినిపించిన రోజు మీ డిస్కార్డ్‌లో చేరినవాళ్లు, బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట డబ్బిచ్చి కొన్నవాళ్లు. ఎవరైనా కొంటే ఏ పాటకు కొన్నారో చూడండి, తర్వాతి చార్ట్ ఆ పాటకే చేయండి. రెండు నెలలు దాటినా ఏదీ కదలకపోతే, పంపే పాట మార్చండి. చాలాసార్లు లోపం మొదటి ఇరవై సెకన్లలోనే ఉంటుంది. నెమ్మదిగా లేచే ఆరంభం ఆల్బమ్‌లో అందంగా ఉంటుంది కానీ, ఆట హోరులో వినిపించదు. రిఫ్ నేరుగా మొదలయ్యే వెర్షన్ ఒకటి విడిగా మిక్స్ చేసి ఆ ఫోల్డర్‌లో పెట్టండి.